చివరి ఐదారు మిల్లీగ్రాముల రాగి కోసం: పీణ్యలో మూడేళ్ల డీటీసీ వాడకం

డీటీసీ అంటే సోడియం డైమిథైల్ డైథయోకార్బమేట్, ఫ్యాక్టరీ మురుగునీళ్లలోంచి రాగిని పట్టి దించే రసాయనం. దీని గురించి ఏ సప్లయర్‌ని అడిగినా ఒకటే పాట. కాంప్లెక్స్‌లో (వేరే రసాయనంతో గట్టిగా ముడిపడి) ఇరుక్కున్న రాగిని కూడా లాగేస్తుంది, స్లడ్జ్ (అడుగున దిగే బురద) తక్కువ వస్తుంది, పీహెచ్‌తో పెద్దగా పేచీ ఉండదు అంటారు. అదంతా డ్రమ్ము మీద అంటించిన కాగితంలోనే ఉంటుంది కాబట్టి మళ్లీ రాయను. మూడేళ్ల తర్వాత కూడా దీన్ని వదలకపోవడానికి అసలు కారణం ఆ కాగితంలో లేదు. ఇది రాగిని పట్టుకోగానే టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. సున్నానికి లేని గుణం ఇది. ఎంత పొయ్యాలో, ఎక్కడ ఆపాలో ల్యాబ్ రిపోర్టు కోసం కాచుకోకుండా గాజు గ్లాసులోనే కనిపిస్తుంది.

వాడుతున్నది బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో, పీసీబీ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు) తయారుచేసే యూనిట్ ఈటీపీలో, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటులో. బ్యాచ్‌కి 10 కిలోలీటర్లు, రోజుకి ఒకటి, రద్దీ ఉంటే రెండు. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన కన్సెంట్‌లో (అనుమతి పత్రంలో) రాగి లిమిట్ లీటరుకు 3 మిల్లీగ్రాములు, దేశమంతా ఉన్న సాధారణ ప్రమాణం కూడా అదే. లోపల మాత్రం 1 దాటితే నీళ్లు బయటికి వదలకూడదని పెట్టుకున్నాం, ఎందుకో తర్వాత చెప్తాను. యాసిడ్ కాపర్ రిన్స్ (యాసిడ్ బాత్‌లో రాగి పూత వేశాక బోర్డుల్ని కడిగిన నీళ్లు) ఒక్కటే అయితే డీటీసీ అవసరమే రాదు. పీహెచ్ 9 దగ్గర పెట్టి సరిగ్గా కూర్చోబెడితే హైడ్రాక్సైడ్‌గానే దిగిపోతుంది. ఇబ్బందంతా రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి ఆల్కలీన్ ఎచింగ్ (బోర్డు మీద అక్కర్లేని రాగిని కరిగించడం) రిన్స్, దాంట్లో అమ్మోనియా ఉంటుంది. రెండోది ఎలక్ట్రోలెస్ కాపర్ (కరెంటు లేకుండా వేసే రాగి పూత) రిన్స్, దాంట్లో ఈడీటీఏ ఉంటుంది. రెండూ రాగిని కాంప్లెక్స్‌గా పట్టుకుని దిగనివ్వవు. ఇవి కలిస్తే పీహెచ్ ఎంత సర్దినా పై తేటలో ఐదో పదో మిల్లీగ్రాములు మిగిలే ఉంటాయి. నీళ్లు అద్దంలా ఉంటాయి, రాగి మాత్రం దిగదు.

కాబట్టి డీటీసీ ఇక్కడ రెండో అంచె పని. మొదట సున్నంతో పీహెచ్ 9 నుంచి 9.5కి తెచ్చి, కూర్చోబెట్టి, పై తేటని రెండో ట్యాంకులోకి పంపుతాం. మిగిలిన రాగికే డీటీసీ. ముడి నీళ్లలోనే పోసెయ్యడం డబ్బు కాలవలో పోసినట్టే. లెక్క తేలికే: గ్రాము రాగికి 40 శాతం ద్రావణం 11 గ్రాముల పైచిలుకు కావాలి. 10 కిలోలీటర్లలో లీటరుకు 8 మిల్లీగ్రాములు మిగిలితే మొత్తం రాగి 80 గ్రాములు, డీటీసీ సుమారు 900 గ్రాములు. ఓ 20 శాతం ఎక్కువ కలుపుకున్నా కిలోకి కాస్త పైన. అదే మొదటి అంచె లేకుండా 100 మిల్లీగ్రాముల నీళ్లకు పోస్తే 11 కిలోలు దాటుతుంది. స్పెంట్ ఎచెంట్ (ఎచింగ్‌కి వాడేసిన ద్రావణం) ఒక్క లీటరు పొరపాటున రిన్స్ లైన్‌లో పడినా ఈ లెక్కంతా తలకిందులే. అందులో లీటరుకు 150 గ్రాముల దాకా రాగి ఉంటుంది, అంటే 10 కిలోలీటర్ల ట్యాంకుకు ఒక్క దెబ్బతో 15 మిల్లీగ్రాములు ఎక్కినట్టు. దాన్ని ఈటీపీ వైపు చూడనివ్వకుండా నేరుగా అనుమతి ఉన్న రీసైక్లర్‌కే పంపాలి.

ఇక రంగు పరీక్ష. డోసు పోసి పదిహేను నిమిషాలు కలిపాక ట్యాంకులోంచి అర లీటరు తీసి వడగట్టాలి. తేటని రెండు గ్లాసుల్లో యాభై మిల్లీలీటర్ల చొప్పున పొయ్యాలి. మొదటి దాంట్లో పల్చని డీటీసీ ఐదు చుక్కలు (40 శాతం ద్రావణం 1 మిల్లీలీటరు తీసి 100 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపింది). రెండో దాంట్లో మైలుతుత్తం నీళ్లు ఐదు చుక్కలు (లీటరుకు 1 గ్రాము). మొదటి గ్లాసు గోధుమ రంగుకు తిరిగితే రాగి ఇంకా ఉంది, డోసు చాలలేదు. రెండోది తిరిగితే డీటీసీ మిగిలిపోయింది, ఎక్కువైంది. మొదటిది తేటగా ఉండి, రెండోది ఉందో లేదో అన్నంత పసుపు చూపించే చోట ఆపాలి. గ్లాసుల కింద తెల్ల కాగితం పెట్టి చూస్తే అర మిల్లీగ్రాము రాగి కూడా కంటికి ఆనుతుంది. పల్చని డీటీసీని వారానికోసారి కొత్తగా చేసుకోవాలి. ఈడీటీఏ ఎక్కువగా ఉన్న రోజు పదిహేను నిమిషాలు చాలవు, అరగంట ఆగాల్సిందే. ట్యాంకు దగ్గర ఉండే హిందూపురం కుర్రాడికి ఇది ఒక్క పూటలో వచ్చేసింది. ఏఏఎస్ మెషీన్ (ల్యాబ్‌లో లోహాల్ని కొలిచేది) ఆ పక్కకి రావాల్సిన పని లేదు.

మొదటి ఏడాదంతా ఇదే పొగడ్త. ఆ తర్వాత ఈ పరీక్ష కూడా తప్పు చెప్పే రోజులుంటాయని తెలిసింది.

దాని ఆనవాలు ఎప్పుడూ ఒకేలా ఉండేది. పదిహేను నిమిషాలకు మొదటి గ్లాసు తేటగా పాస్ అవుతుంది. గంట తర్వాత హోల్డింగ్ ట్యాంకులోంచి తీస్తే అదే గ్లాసు గోధుమ రంగు. ఇంకో కిలో డీటీసీ పోస్తే మళ్లీ పాస్, మళ్లీ గంటకు ఫెయిల్. నీళ్లలో గోధుమ రంగు బదులు పల్చని మజ్జిగలాంటి తెలుపు. మూడు రెట్ల డోసు పడ్డాక కూడా రెండో గ్లాసులో మిగులు కనిపించదు. డీటీసీ ఎటు పోతోందో అర్థం కాదు. ఇలాంటప్పుడు ముందు పీహెచ్ ప్రోబ్‌ని తిడతాం, తర్వాత డ్రమ్ములో నీళ్లు కలిపారని సప్లయర్‌ని తిడతాం. రెండూ కాదు. ఆ బ్యాచ్‌లన్నీ మైక్రో ఎచ్ బాత్ పారబోసిన రోజువి.

మైక్రో ఎచ్ అంటే బోర్డు మీది రాగి పై పొరని పల్చగా కరిగించే బాత్, అందులో వాడేది సోడియం పర్సల్ఫేట్. రాగి లీటరుకు 20 గ్రాములు దాటగానే బాత్ మార్చేస్తారు, అప్పటికీ అందులో పర్సల్ఫేట్ బోలెడు మిగిలే ఉంటుంది. అది ఆక్సిడైజర్. డీటీసీని నెమ్మదిగా ఆక్సీకరించి థైరమ్‌గా మార్చేస్తుంది, ఆ తెల్లటి మజ్జిగ అదే. థైరమ్ అంటే విత్తనాలకు పట్టించే బూజు మందు. ఒక పర్సల్ఫేట్ అణువు రెండు డీటీసీ అణువుల్ని మింగుతుంది. బరువుల్లో చెప్పాలంటే కిలో పర్సల్ఫేట్‌కి 40 శాతం డీటీసీ మూడు కిలోలు గోవిందా. 50 లీటర్ల బాత్‌లో లీటరుకు 50 గ్రాముల చొప్పున మిగిలిందనుకుంటే రెండున్నర కిలోల పర్సల్ఫేట్, అంటే ఏడున్నర కిలోల డీటీసీ. రాగికి కావాల్సిందేమో కిలో! రాగితో కలవడం క్షణంలో జరుగుతుంది, పర్సల్ఫేట్ తినడం గంటల మీద నడుస్తుంది. పదిహేను నిమిషాల పాస్ అబద్ధం కాదు, ఆ నిమిషానికి అది నిజమే. మిగులు కరిగిపోయాక, ఈడీటీఏ నుంచి ఆలస్యంగా బయటపడే రాగిని పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

మందు సోడియం మెటాబైసల్ఫైట్. కాకపోతే ఎక్కడ వేస్తామన్నదే ముఖ్యం. మైక్రో ఎచ్ బాత్‌ని పెద్ద ట్యాంకులో కలపకముందే, విడి బ్యారెల్‌లో, పీహెచ్ 3 లోపు ఉండగానే వెయ్యాలి. కిలో పర్సల్ఫేట్‌కి లెక్క ప్రకారం 400 గ్రాములు చాలు, 600 వేస్తున్నాం. అరగంట కలపాలి. ఘాటైన వాసన వస్తుంది, కాబట్టి గది తలుపులు తీసి, మాస్క్ పెట్టుకునే చెయ్యాలి. అయిపోయిందో లేదో చూడటానికి చాలామంది స్టార్చ్ అయోడైడ్ పేపర్ ముంచుతారు. అందులో ఇంకో ఉచ్చుంది. రాగి కూడా అయోడైడ్ నుంచి అయోడిన్‌ని విడదీస్తుంది కాబట్టి, పర్సల్ఫేట్ పూర్తిగా చచ్చినా పేపర్ నల్లబడుతూనే ఉంటుంది. దాన్ని చూసి మెటాబైసల్ఫైట్ పోస్తూ పోతే బస్తా ఖాళీ అవుతుంది. కొద్దిగా శాంపిల్ తీసి, కాస్టిక్‌తో పీహెచ్ 9కి తెచ్చి, రాగిని వడగట్టి, తేటని మళ్లీ యాసిడ్ చేసి, అప్పుడు పేపర్ తడపాలి. రెండు నిమిషాలు ఆగి చూడాలి, పర్సల్ఫేట్ అయోడైడ్‌తో బద్ధకంగా స్పందిస్తుంది. పెరాక్సైడ్ మైక్రో ఎచ్ వాడేవాళ్లకీ ఇదే గొడవ.

ఇది తెలిశాక డీటీసీ ఖర్చు మళ్లీ మొదటి ఏడాది లెక్కకు దిగింది. హోల్డింగ్ ట్యాంకులో గంట ఆగి రెండోసారి గ్లాసు పరీక్ష చెయ్యకుండా వాల్వు తెరవకూడదన్నది మాత్రం అప్పటి నుంచి మానలేదు.

రంగు పరీక్ష ఇంకో రెండు చోట్ల కూడా మోసం చేస్తుంది. ఇనుము డీటీసీతో నలుపు తిరిగిన గోధుమ రంగు ఇస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్‌ని కోయాగ్యులెంట్‌గా (సన్న రేణువుల్ని గడ్డ కట్టించే మందుగా) వాడితే, ఈడీటీఏ సాయంతో నీళ్లలో నిలిచిన ఇనుముని రాగి అనుకుని ఇంకా ఇంకా పోస్తాం. అందుకే పీఏసీకి (పాలీ అల్యూమినియం క్లోరైడ్) మారాం, లీటరుకు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. నికెల్ ఉంటే పచ్చటి ఛాయ వస్తుంది, గోల్డ్ ఫినిష్ లైన్ (నికెల్ మీద బంగారు పూత) ఉన్నవాళ్లు గమనించాలి.

రెండోది వడపోత కాగితం. రాగి డీటీసీ రేణువు చాలా సన్నం, బరువుండదు, రేణువుల్ని గుంపు కట్టించే పాలిమర్ లేకపోతే తేలుతూనే ఉంటుంది. వాట్‌మన్ 1వ నంబర్ కాగితంలోంచి కొంత జారిపోతుంది, 42వ నంబర్ పట్టుకుంటుంది. అసలు సంగతేమిటంటే గ్లాసు పరీక్ష చూపించేది కరిగిన రాగిని, కాలుష్య నియంత్రణ మండలి ల్యాబ్ కొలిచేది మొత్తం రాగిని. శాంపిల్‌ని యాసిడ్‌లో ఉడికించి చూస్తారు కాబట్టి జారిపోయిన రేణువులూ లెక్కలోకి వస్తాయి. గ్లాసు అర మిల్లీగ్రాము అంటుంది, రిపోర్టు రెండున్నర అంటుంది. లోపలి లిమిట్ 1 అని పెట్టుకున్నది ఈ తేడా కోసమే. పీఏసీ తర్వాత ఆనయానిక్ (రుణావేశం ఉన్న) పాలిమర్ లీటరుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు, కలిపే వేగం సగానికి తగ్గించి, కనీసం గంట కూర్చోబెట్టి, చివర్లో శాండ్ ఫిల్టర్. ఇందులో దేన్ని తొందరపెట్టినా రేణువులు బయటికి పోతాయి. డిసెంబర్ రాత్రుళ్లు బెంగళూరు చలికి ఇంకో అరగంట ఎక్కువ పడుతుంది.

జాగ్రత్తల్లో ఒకటే నిక్కచ్చిగా చెప్పాలి. డీటీసీ డ్రమ్మునీ యాసిడ్ డ్రమ్మునీ ఒకే డైక్‌లో (ఒలికింది బయటికి పోకుండా కట్టిన గట్టు లోపల) ఉంచకండి. రెండూ కలిస్తే కార్బన్ డైసల్ఫైడ్ వస్తుంది. విషం, పైగా 46 డిగ్రీలకే మరుగుతుంది, ఇట్టే అంటుకుంటుంది. పీహెచ్ 8 దాటిందని మీటర్‌లో చూశాకే డోసింగ్ పంపు ఆన్ కావాలి. మీటర్‌ని నమ్మాలంటే ప్రోబ్ మీద పేరుకున్న సున్నం పొరని వారానికోసారి పల్చని హైడ్రోక్లోరిక్‌తో కడగాలి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. థైరమ్, తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రకు దగ్గరి చుట్టం. ఒంటికి తగిలించుకుని రాత్రి పెగ్గు వేసే అలవాటున్నవాళ్లకు గుండె దడ, ముఖం మంటలు ఊరికే రావు.

ఎక్కువ పోస్తే ఏమవుతుందిలే అనేవాళ్లకు ఒక ఉదాహరణ. 1999 డిసెంబర్‌లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో వైట్ నదిలో లక్షల చేపలు చచ్చి తేలాయి. కారణం ఒక కర్మాగారం మురుగునీటి శుద్ధిలో వాడిన ఈ డైమిథైల్ డైథయోకార్బమేటే. రాగి లిమిట్ లోపే ఉండి, డీటీసీ మాత్రం పారిపోయే నీళ్లు రాగి నీళ్ల కంటే మంచివేమీ కావు. రెండో గ్లాసు పరీక్షని ఎగ్గొట్టేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. వెనకాల బయలాజికల్ ట్యాంకు ఉంటే ఆ బ్యాక్టీరియాకీ ఇదే గతి.

స్లడ్జ్ తక్కువన్నది నిజమే, కానీ హైడ్రాక్సైడ్ స్లడ్జ్‌తో కలపకుండా విడిగా ఫిల్టర్ ప్రెస్ చేస్తేనే లాభం. మొదటి అంచె స్లడ్జ్‌లో రాగి శాతం బాగుంటే రీసైక్లర్ తీసుకుంటాడు, డీటీసీది కలిస్తే పెదవి విరుస్తాడు. డీటీసీ స్లడ్జ్ మాత్రం ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లోని 35.3 కేటగిరీ కింద, 90 రోజుల లోపు, ఫారం 10తో (రవాణా పత్రం) దాబస్‌పేటలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం వైపు పోవాల్సిందే.

మళ్లీ కొంటామా అంటే, కొంటాం. కాకపోతే ఇక్కడ బ్యాచ్ ట్యాంకు ఉంది, గంట ఆగే వీలుంది, గ్లాసులు పట్టుకుని చూసే మనిషి ఉన్నాడు. నీళ్లు ఆగకుండా పారే ప్లాంటులో, ఓఆర్‌పీ మీటర్‌ని (నీళ్ల ఆక్సీకరణ స్థాయి చూపేది) నమ్మి ఆటోమేటిక్ డోసింగ్ పెడతామంటే నా ఓటు దీనికి కాదు. వాళ్లు టీఎంటీ (ట్రైమెర్కాప్టోట్రయజీన్, రాగిని దించే ఇంకో రసాయనం) చూడొచ్చు. గ్రాము రాగికి 15 శాతం ద్రావణం 17 గ్రాములు పోయాలి, కానీ యాసిడ్ తగిలినా కార్బన్ డైసల్ఫైడ్ భయం లేదు. రిన్స్‌లో ఈడీటీఏ లేకపోతే చెలేటింగ్ రెజిన్ కాలమ్ (లోహాల్ని పట్టుకునే రెజిన్ పూసల గొట్టం) కూడా సరిపోతుంది. ఈడీటీఏ ఉంటే ఆ రెజిన్ చేతిలోంచి రాగి జారిపోతుంది, ఆ ఖర్చు పెట్టుకోవద్దు.