గాలి మిషన్ మంచిదే, తంటా అంతా ఆ బెత్తెడు పైపుతోనే

టైర్లకి గాలి కొట్టే, చేతిలో పట్టే బ్యాటరీ మిషన్ల మీద కనబడే సమీక్షల్లో చాలావరకు అట్టపెట్టె విప్పిన రోజు రాసినవే. ఇది మూడు ఎండాకాలాలు వాడాక రాస్తున్నది. తిరుపతి నుంచి చిత్తూరు, వేలూరు మీదుగా ఏలగిరి, ఏర్కాడు, ఊటీ. ఒకే మోటార్ సైకిలు, ఒకే మనిషి, ట్యూబ్‌లెస్ టైర్లు. బ్యాటరీ ఎంత, లైటు ఉందా లేదా అన్నవి పెట్టె మీదే రాసుంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. కంపెనీ పేరుతోనూ పనిలేదు. ఈ రకం మిషన్లు పైకి ఏ రంగులో ఉన్నా పనితీరు ఒకటే, ఆ పొట్టి పైపుతో సహా.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్పేస్తాను. 33 అని (టైరులో గాలి ఒత్తిడి, పీఎస్‌ఐ లెక్కన; కింద పాయింటు అన్నా అదే) పెట్టి బటన్ నొక్కితే 33 దగ్గర దానంతట అదే ఆగిపోతుంది. వినడానికి చిన్న సంగతే. కానీ రోడ్డు పక్క షాపులో ‘లాంగ్ పోతాండారు కదా’ అని వెనక టైరుకి 40 దాకా కొట్టేస్తారు. అలా బిగిసిన టైరు రోడ్డును పట్టేది తక్కువ, ఘాట్ మలుపులో ఇసుక పడి ఉంటే మొదట జారేది అదే. 130/70-17 సైజు వెనక టైరును 27 నుంచి 33కి తేవడానికి దీనికి నిమిషం కూడా పట్టదు. పూర్తిగా దిగిపోయిన టైరైతే నాలుగైదు నిమిషాలు పడుతుంది, అప్పటికి మిషన్ సిలిండర్ వేడికి అటువైపు చెయ్యి పెట్టలేం. వెంటనే ఇంకో టైరుకి తగిలించకుండా పది నిమిషాలు ఆపితే మోటారు బతుకుతుంది.

అనుకోకుండా బాగా కుదిరింది ఇంకొకటుంది. కొండెక్కితే చలికి గాలి తగ్గుతుందని కొందరు, ఎత్తుకు పెరుగుతుందని కొందరు అంటారు. రెండూ నిజమే. గేజీ చూపించేది టైరు లోపలి ఒత్తిడికీ బయటి ఒత్తిడికీ ఉన్న తేడాని. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ బయటి ఒత్తిడి తిరుపతి కంటే మూడు పాయింట్ల పైచిలుకు తక్కువ. అంటే గేజీలో అంత ఎక్కువ కనబడాలి. తిరుపతిలో 40 డిగ్రీలు, ఊటీలో 18 అనుకుంటే ఆ చల్లదనానికి దాదాపు అంతే తగ్గుతుంది. ఇదీ అదీ చెల్లు. ఇక్కడ నీడలో 33 పెట్టిన టైరు ఊటీ చెరువు దగ్గర కూడా 33కి అటూఇటూగానే చూపిస్తుంది. తెల్లారుజామున చలికి ఒక పాయింటు తగ్గొచ్చు, అంతే. పొరపాటు ఎక్కడంటే, ఘాట్ ఎక్కిన వెంటనే వేడి మీదున్న టైరు 37 చూపిస్తే ఎక్కువైందని గాలి వదిలేస్తారు. తర్వాత చల్లారాక అది 29కి దిగి ఉంటుంది. బండి ఆగి మూడు గంటలైనా అయ్యాకే కొలవాలి.

ఇప్పుడు పైపు సంగతి. బెత్తెడు పొడవు, పుల్లలా బిరుసు, చివర ఇత్తడి మర. వాల్వుకి మర తిప్పి బిగించాక మిషన్ని కింద పెడదామంటే నేలకి అందదు. వెనక చక్రంలో చెయిన్, స్వింగ్ ఆర్మ్ (చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) అడ్డం, ముందు చక్రంలో డిస్కు అడ్డం. దాంతో ఎవరైనా చేసేది ఒక్కటే, వాల్వుకి తగిలించి అలా వేలాడదీయడం. అర కిలో బరువున్న మిషన్ గడగడలాడుతూ రబ్బరు వాల్వు మెడకి వేలాడుతుంది. ఒకటి రెండుసార్లకి ఏమీ కాదు. రెండేళ్లు ఎండకి ఎండిన రబ్బరైతే మెడ దగ్గర చీలుతుంది. ఈ బండికి రెండో ఎండాకాలంలో జరిగింది అదే.

ఆ చీలిక వెంటనే దొరికేది కాదు. ఏలగిరి మీద పుంగనూరు చెరువు (మన ఆవుల పుంగనూరు కాదు, ఇది అక్కడిది) పక్కన పొద్దున కొలిస్తే 33. పద్నాలుగు మలుపులు దిగి, తిరుపత్తూరు దాటి ఊత్తంగరై చేరేసరికి 27. నడిచిన టైరు వేడికి మూడు నాలుగు పాయింట్లు పెరగాలి, ఇది ఆరు తగ్గింది. మళ్ళీ 33 కొట్టి బయల్దేరితే సేలంలో 26. అదే ఏర్కాడు మీద రాత్రంతా నిలబెట్టిన బండిలో పొద్దునకి 32, అంటే చలికి తగ్గిందే తప్ప కారడం లేదు. నిలబడితే ఆగే గాలి నడిస్తే పోతోంది! ఇలాంటప్పుడు అనుమానం మొదట గేజీ మీదికి, తర్వాత పాత పంక్చర్ స్ట్రిప్పు మీదికి, ఆ తర్వాత రిమ్ము అంచు మీదికి పోతుంది. అన్నిటికీ సబ్బునీళ్ళు రాసి చూస్తే బుడగ లేదు. వాల్వు పిన్ను మీద నీటి చుక్క వేసినా కదలదు.

చివరికి పట్టించింది బొటనవేలే. వాల్వు మొదట్లో సబ్బు నురగ పెట్టి, వాల్వుని వేలితో ఒక పక్కకి వంచితే రిమ్ముని ఆనుకున్న చోట బుసబుసమని బుడగలు. వదిలేస్తే ఆగిపోతాయి. మెడ చుట్టూ సగం దాకా గోరుతో గీసినట్టు సన్నటి చీలిక. బండి నిలబడినప్పుడు రబ్బరు తన బిగువుకి తాను మూసుకుంటుంది. చక్రం వేగానికి, గుంటల కుదుపుకి వాల్వు ఊగినప్పుడల్లా ఆ చీలిక తెరుచుకుంటుంది. ట్యూబ్‌లెస్ బండిలో నిలిస్తే నిండుగా, నడిస్తే ఖాళీగా కనబడితే మొదట చూడాల్సింది వాల్వు మెడనే.

దీనికి దారిలో చేసే వైద్యం లేదు. ఫెవిక్విక్ వేస్తే బిగుసుకుని ఇంకాస్త చీలుతుంది. యాభైకి మించకుండా నడుపుతూ, ముప్పై నలభై కిలోమీటర్లకి ఒకసారి గాలి కొట్టుకుంటూ షాపు దాకా రావాలి. అంటే తంటా తెచ్చిన మిషనే గట్టున కూడా పడేసింది, తిట్టాలో మెచ్చుకోవాలో తెలియదు. షాపులో టైరు ఒక పక్క అంచు రిమ్ము నుంచి విడదీసి, పాత వాల్వు కోసేసి, నట్టు బిగించే తొంభై డిగ్రీల లోహపు వాల్వు వేయించాలి. రబ్బరు వాల్వు ఉన్న రిమ్ముల్లో రంధ్రం ఎక్కువగా 11.3 మిల్లీమీటర్లు ఉంటుంది. 8.3కి చేసినవీ అలాంటి ప్యాకెట్లోనే అమ్ముతారు, కొలిచి తీసుకోకపోతే ఎంత బిగించినా గాలి నిలవదు. లోహపు వాల్వు పక్కకి తిరిగి ఉంటుంది కాబట్టి పైపు తగిలించడానికి చెయ్యి దూరుతుంది. రబ్బరు వాల్వే ఉంచుకుంటామంటే మెత్తటి అడుగు పొడవు పైపు విడిగా కొనుక్కుని, మిషన్ని హెల్మెట్ మీదో బ్యాగు మీదో పెట్టి కొట్టాలి.

ఇంకో చిరాకు, మర విప్పేటప్పుడు బుస్సుమని ఒక పాయింటు పోతుంది. 33 కావాలంటే 34 పెట్టుకోవాలి. ఆ మాటకొస్తే పైన మెచ్చుకున్న ఆ ‘33 దగ్గర ఆగడం’ కూడా మిషన్ అనుకునే 33 దగ్గరే. ముల్లు గేజీతో పోల్చి చూస్తే ఇది రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. మొదటి ఏడాది ఒకటే తేడా ఉండేది. తేడా రోజూ ఒకేలా ఉంటుంది కాబట్టి లెక్క కట్టుకుని వాడొచ్చు, కానీ ముల్లు గేజీ లేకుండా దీన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు.

బ్యాటరీకి మన ఎండ పడదు. లిథియం సెల్‌ని 45 డిగ్రీలు దాటాక ఛార్జి చేయకూడదు. మే నెలలో నల్ల ట్యాంక్ బ్యాగులో పెట్టి బండి సాకెట్‌కి తగిలిస్తే లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. మిషన్ ఛార్జింగ్ ఆపేస్తుంది, చెడిపోయిందని మనం అనుకుంటాం. వెనక బ్యాగులో బట్టల మధ్య పెట్టి, రాత్రి గదిలో ఛార్జి చేయడమే మేలు. మూడో ఏటికి నిండు ఛార్జి మీద ఖాళీ టైరు ఒక్కటే నింపగలుగుతోంది, మొదట్లో రెండు నింపేది.

కొనాలా అంటే, ఒంటరిగా పొద్దుపోయాక కూడా ఘాట్ ఎక్కేవాళ్ళకి, ట్యూబ్‌లెస్ టైర్లున్నవాళ్ళకి పనికొస్తుంది. స్పోకు చక్రాల ట్యూబు బండికి దీనితో పెద్దగా ఒరిగేదేమీ లేదు, పంక్చర్ అయితే ట్యూబు బయటికి తీసి ప్యాచ్ వేస్తేగాని గాలి నిలవదు. మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ దాకా పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళకి కాళ్ళతో తొక్కే పంపు చాలు, దాని పైపు కూడా పొడవే. ఈ బండికి మటుకు వచ్చే వేసవికీ ఇదే మిషన్, అడుగు పైపూ ముల్లు గేజీ తోడుగా. ముందు చక్రానికి ఇంకా పాత రబ్బరు వాల్వే ఉంది, బయల్దేరే ముందు దాన్నీ వంచి చూడాలి.