మూడున్నరేళ్లు, 48 వేల కిలోమీటర్లు: మా చిన్న కారు సంగతి

బండి పేరు రాయను. రాస్తే ఏ కంపెనీ గొప్పదన్న పంచాయితీలో అసలు సంగతి కొట్టుకుపోతుంది. నాలుగు మీటర్లలోపు పొడవు, 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు. 2022 దసరాకు ఒంగోలులో తీసుకున్నాం. మాది కందుకూరు. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ.

ముందు టెస్ట్ డ్రైవ్ సంగతి. మొదటిసారి నేనొక్కడినే వెళ్లాను. సేల్స్ కుర్రాడు హైవే ఎక్కించి, రెండు కిలోమీటర్లు పోయాక యూటర్న్ కొట్టించి వెనక్కి తెచ్చేశాడు. రోడ్డు నున్నగా ఉంది, ఏసీ ముందే వేసి ఉంచారు, పాటలు కూడా పెట్టాడు. అలా నడిపితే ఏ బండైనా బాగానే ఉంటుంది. పైగా నా చేతికిచ్చింది టాప్ మోడల్. నేను కొనాలనుకున్నది దానికి రెండు మెట్లు కిందది. టైర్లే వేరు.

రెండోసారి ఇంటిల్లిపాదీ వెళ్లాం. అప్పటికి నా మనసు ఇంకో కంపెనీ బండి మీద ఉంది. ముందు దాని షోరూమ్‌కే పోయాం. అమ్మ వెనక సీట్లో సుఖంగానే కూర్చుంది. దిగేటప్పుడు తెలిసింది. ఒక కాలు కింద పెట్టి, పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చెయ్యి చాపి, చివరికి డోరు పట్టుకుని లేచింది. తల పైకప్పు అంచుకు తగిలింది. "గుంటలోంచి లేచినట్టుందిరా అబ్బాయ్" అంది. సీటు కిందికి, వెనక కప్పు వాలుగా ఉండే బండి అది. చూడ్డానికి మాత్రం ఇప్పటికీ నాకు అదే అందంగా ఉంటుంది. రెండోదాంట్లో, అంటే ఇప్పుడు మా ఇంట్లో ఉన్నదాంట్లో, సీటు కొంచెం ఎత్తు. అమ్మ కుర్చీలోంచి లేచినట్టు లేచి, చీర సర్దుకుని నిలబడింది. అంతే, తేలిపోయింది. ఇంజిన్ పవరు, స్క్రీన్ సైజు అంటూ నెల రోజులు నేను చూసిన వీడియోలన్నీ దండగ.

ఆ రోజే ఇంకో పని చేశాం. ఐదుగురం ఎక్కి, మధ్యాహ్నం ఎండలో హైవే కాకుండా కర్నూలు రోడ్డు ట్రాఫిక్‌లోకి తిప్పాను. వెనకవాళ్లకు చల్లగాలి తగలడానికి పది నిమిషాలు పట్టింది. ఇవాళ్టికీ మే నెలలో అంతే.

కొటేషన్‌లో "హ్యాండ్లింగ్ చార్జీలు" అని ఒక లైను కనిపించింది. ఇదేంటని అడిగితే కొట్టేశారు. అడగనివాళ్లు కట్టేస్తున్నట్టే. ఇన్సూరెన్స్ తమ దగ్గరే చేయించాలన్నారు. బయట తెస్తానంటే డిస్కౌంట్ రాదని మొహం మార్చారు. మూడేళ్ల థర్డ్ పార్టీ, అంటే మన బండివల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి చేయించే ఇన్సూరెన్స్, ఎక్కడైనా తప్పదు గానీ, మిగతాది మనిష్టం. బయటి కంపెనీ రేటు రాయించి చూపిస్తే వాళ్లే దిగివచ్చారు. లైఫ్ ట్యాక్స్ మాత్రం లక్ష దాటింది, దానిమీద బేరం లేదు. అప్పట్లో ఈ సైజు పెట్రోల్ కార్లకు జీఎస్టీ, సెస్సు కలిపి 29 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దిగింది. ఆ తర్వాత కొన్న మా బావమరిది కనపడినప్పుడల్లా ఈ మాట ఎత్తుతాడు.

డెలివరీకి రెండు రోజుల ముందు యార్డుకు వెళ్లి బండి చూసుకున్నాను. టైరు పక్కన అచ్చు వేసిన అంకెల్లో చివరి నాలుగు చూడండి. నా నాలుగు టైర్ల మీద 2822 అని ఉంది, అంటే 2022లో 28వ వారం. స్టెప్నీ మీద 4921. కొత్త బండికి నిరుటి స్టెప్నీ! మార్చమంటే ఒక పూట నసిగి మార్చారు. ఛాసిస్ నంబర్‌లో కూడా తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, ఎలా చదవాలో వాళ్లనే అడగండి.

ఇక వాడకం. సింగరాయకొండ మీదుగా హైవేలో 80 దాటకుండా పోతే లీటరుకు 19, 20 వస్తుంది. ఊళ్లో ఏసీతో 13 వస్తే గొప్ప. శనివారాలు మాలకొండకు వెళ్తుంటాం, గుడి ఆ ఒక్కరోజే తెరుస్తారు. ఐదుగురితో ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరులో మూలిగి, మలుపులో ఒకటికి దించమంటుంది. ఏసీ కట్టేస్తే కాస్త నయం. పల్లెల్లో రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లకు నిండు బండి పొట్ట రాసుకుంటుంది, అది నాకు అలవాటైపోయింది. మూడేళ్లకు బ్యాటరీ మార్చాను. ఫ్రీ సర్వీసులో ఫ్రీ కూలి ఒక్కటే. ఆయిల్, ఫిల్టర్లకు డబ్బులు కట్టాల్సిందే. సర్వీసువాళ్లు చెప్పే "ఇంజెక్టర్ క్లీనింగ్" (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే భాగాల్ని కడగడం) ఒక్కసారీ చేయించలేదు, బండికేమీ కాలేదు.

పెద్ద దెబ్బ ఎలకలది. రెండో ఏడు వానల్లో నాలుగు రోజులు బండి తీయలేదు. ఐదో రోజు స్టార్టయింది గానీ మీటర్లో ఇంజిన్ లైటు ఆరలేదు. బానెట్ ఎత్తితే వైర్లు కొరికేసి ఉన్నాయి, బ్యాటరీ పక్కన వడ్లపొట్టు. మెకానిక్ వైర్లు అతికి, "పొగాకు పెట్టండి సార్, మీ ఊళ్లో దొరకదా ఏంటి" అన్నాడు. పక్కింటాయన పొగాకు ఆరబెట్టే బేరన్ నుంచి నాలుగు కాడలు తెచ్చి, గుడ్డలో మూటకట్టి బ్యాటరీ పక్కన పెట్టాను. వేడి భాగాలకు తగలకుండా చూసుకోవాలి. అప్పట్నుంచి ఎలక జాడ లేదు. ఏసీ వేసిన మొదటి నిమిషం మాత్రం బండంతా చుట్ట వాసన. పిల్లలు అద్దాలు దించేస్తారు. అమ్మకు ఆ వాసన ఇష్టమే, తాత గుర్తొస్తాడట.