బ్లూజే: ఆబ్జెక్ట్‌ను కంటికి చూపించే సాఫ్ట్‌వేర్

ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. బోర్డు మీద పటం గీయకుండా జ్యామితిలో ఒక్క సిద్ధాంతమూ మొదలుపెట్టను. జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడానికి నేను చూసిన వీడియో పాఠాల్లో ఆ పటమే లేదు. క్లాస్ అచ్చు అన్నారు, ఆబ్జెక్ట్ ఆ అచ్చులోంచి తీసిన బొమ్మ అన్నారు. ఆ బొమ్మ ఎక్కడుందో, దాని లోపల ఏముందో ఎవరూ చూపలేదు. పైగా మొదటి రోజే 'పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్' అనే వరస రాయించి, అర్థం తర్వాత చెబుతామన్నారు.

బ్లూజేలో ఆ వరసతో పనిలేదు. ఇది 1999లో ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయంలో జావా కొత్తగా నేర్చుకునేవారి కోసమే మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. తెరవగానే క్లాసులు పెట్టెల్లా కనిపిస్తాయి. ఇంకా కంపైల్ చేయని, అంటే రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చని పెట్టె మీద చారలుంటాయి.

నేను 'ఖాతా' అనే క్లాస్ రాశాను: నిల్వను దాచుకునే చోటుగా ఒక ఫీల్డ్, జమ చేసే పనికి ఒక మెథడ్, నిల్వ చెప్పడానికి మరొకటి. పెట్టె మీద మౌస్ కుడి బటన్ నొక్కి కొత్త ఆబ్జెక్ట్‌ను తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌ను ఎంచుకుంటే, తెర అడుగున ఉన్న అరలో ఎర్రటి ఆబ్జెక్ట్ వచ్చి కూర్చుంది. ఇంకోసారి నొక్కితే రెండోది. మొదటిదానిలో 500 జమ చేసి రెంటినీ తెరిచి చూశాను. ఒకదానిలో 500, రెండోదానిలో 0. క్లాస్ ఒకటే అయినా ఎవరి నిల్వ వారిదేనన్న సంగతి ఆ క్షణాన బోధపడింది. జమ మెథడ్‌ను పిలిస్తే జవాబేమీ రాదు, లోపలి అంకె మారుతుంది. నిల్వ మెథడ్‌ను పిలిస్తే జవాబు వేరే కిటికీలో వస్తుంది. జవాబివ్వని 'వాయిడ్'కూ, జవాబిచ్చే 'రిటర్న్'కూ తేడా చెప్పడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తోచదు.

అన్నిటికంటే విలువైనది ఆ తర్వాతి ప్రయోగం. 'ఖాతాదారు' అనే క్లాస్ రాసి, ఇద్దరు ఖాతాదారులకు ఒకే ఖాతాను ఇచ్చాను. ఖాతాను టైపు చేయనక్కర్లేదు, అరలో ఉన్న దాని మీద నొక్కితే చాలు. ఇద్దరి ఫీల్డుల్లోనూ అంకెకు బదులు బాణం కనిపించింది. ఒకరి ద్వారా జమ చేస్తే రెండోవారి దగ్గర కూడా నిల్వ పెరిగింది. ఫీల్డ్ లాంటి వేరియబుల్‌లో ఉండేది ఆబ్జెక్ట్ కాదు, ఆబ్జెక్ట్‌కు దారి మాత్రమే. వారాలపాటు చదివినా ఎక్కని విషయం ఆ బాణం చూశాక ఎక్కింది.

క్లాస్‌లో ఒక్క అక్షరం మార్చి కంపైల్ చేసినా అరలోని ఆబ్జెక్టులు పోతాయి. అవి పాత క్లాస్‌తో తయారైనవి కాబట్టి అదే సబబు. మళ్లీ చేసుకోవాలి. పెద్ద ప్రాజెక్టులకు ఇది సరిపోదు, అందుకోసం చేసిందీ కాదు. మొదటి రెండు మూడు నెలలకు మాత్రం ఏ సందేహమూ లేకుండా దీన్నే వాడమంటాను.

ఇప్పుడు నా దృష్టంతా మరో చోట ఉంది. ఏ ఆబ్జెక్ట్ మీద కుడి బటన్ నొక్కినా, నా మెథడ్లతో పాటు 'ఆబ్జెక్ట్' అనే క్లాస్ నుంచి సంక్రమించినవంటూ ఒక జాబితా కనిపిస్తోంది. ఈక్వల్స్, టుస్ట్రింగ్ వంటివి. ఒక్కటీ నేను రాసింది కాదు. ఈ వారమంతా వాటినే ఒక్కొక్కటిగా పిలిచి చూస్తున్నాను.