డ్రమ్ము నీళ్లు అక్వేరియంలోకి: కూలర్ మోటారా, సబ్‌మెర్సిబులా, స్ప్రేయర్ మోటారా?

కుళాయి నీళ్లలో క్లోరిన్ పోవాలని 200 లీటర్ల నీలం డ్రమ్ములో పట్టి, ఒకరోజు ఎయిర్ పంపు వేసి ఉంచుతాం. చిక్కల్లా ఆ నీళ్లను ట్యాంకులోకి ఎక్కించడమే. ఇంట్లో ఒక్కటే ట్యాంకుంటే ఈ గోలంతా అక్కర్లేదు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో పట్టేది సుమారు 127 లీటర్లు. పావు వంతు మార్చాలంటే రెండు బకెట్లు మోస్తే చాలు. మూడు నాలుగు ట్యాంకులున్నప్పుడే నడుము మాట వినదు.

అందరి చూపూ ముందు కూలర్ మోటార్ మీదే పడుతుంది. చవక, 18 వాట్లే, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. డబ్బా మీద గంటకు 1,000 లీటర్లని, హెడ్ (అంటే నీటిని ఎక్కించగల గరిష్ఠ ఎత్తు) 1.8 మీటర్లని రాసి ఉంటుంది. కానీ ఆ రెండూ ఒకేసారి రావు. ఎత్తు అసలు లేనప్పుడు వచ్చేది ఆ 1,000 లీటర్లు. 1.8 మీటర్ల దగ్గర చుక్క కూడా పడదు.

ఆ ఎత్తు కూడా మోటార్ నుంచి కాదు, డ్రమ్ములో నీటి మట్టం నుంచి కొలవాలి. డ్రమ్ము నిండుగా ఉంటే మట్టం నేలకు మూడడుగులకు కాస్త తక్కువ. స్టాండు మీది ట్యాంకు అంచు నాలుగున్నర అడుగులనుకుంటే, ఎక్కాల్సింది అడుగున్నర చిల్లర. మొదట్లో నీళ్లు జోరుగానే వస్తాయి. డ్రమ్ము అడుగంటేసరికి అదే నాలుగడుగులు దాటుతుంది, ధార సన్నబడిపోతుంది. షాపులో బాగానే ఉన్న మోటార్ ఇంటికొచ్చాక పనిచేయట్లేదని అనుకునేది ఇక్కడే. కూలర్ మోటారే కావాలంటే ఖాళీగా ఉన్నప్పుడే డ్రమ్మును రెండు వరుసల సిమెంట్ ఇటుకల మీదకు ఎక్కించండి.

నా ఓటు మాత్రం మూడు మీటర్ల హెడ్ ఉన్న 40 వాట్ల అక్వేరియం సబ్‌మెర్సిబుల్‌కే, అంటే నీళ్లలో మునిగి పనిచేసే మోటారుకే. ధర ఎక్కువే, కానీ డ్రమ్ము చివరి అడుగు దాకా ధార నిలుస్తుంది. పైపు దగ్గర పిసినారితనం వద్దు. లోపలి వ్యాసం సగమైతే, అదే ప్రవాహానికి రాపిడి నష్టం దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. ఎయిర్ పంపు ట్యూబు లాంటి సన్న గొట్టం తగిలిస్తే ఎంత మంచి మోటారైనా చేతులెత్తేస్తుంది.

డ్రమ్ము కింద పార్కింగ్‌లో, ట్యాంకులు పై అంతస్తులో ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు రైతులు వీపున తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్లో ఉండే 12 వోల్టుల డయాఫ్రమ్ మోటార్ (లోపలి రబ్బరు పొర కదలికతో నీటిని తోసేది) మేలు. ముందుగా నీళ్లు పోసి ప్రైమింగ్ చేయాల్సిన పని లేదు, కాసేపు వట్టిగా తిరిగినా పాడవదు. రెండంతస్తులు ఎక్కించడం దానికో లెక్క కాదు. కాకపోతే నిమిషానికి నాలుగైదు లీటర్లే ఇస్తుంది, పైగా చెవులు దిమ్మెక్కే చప్పుడు. పసిపిల్లలున్న ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం దాన్ని ఆన్ చేసే ధైర్యం నాకైతే లేదు.

ఇంట్లో పాత అర హెచ్‌పీ మోటార్ ఉంది, వాడేద్దామా అంటే, వద్దు. ఆ వేగానికి ట్యాంకులో ఇసుక లేస్తుంది, మొక్కలు ఊడతాయి. చాలావాటిలో ఇంపెల్లర్, అంటే నీటిని తోసే లోపలి చక్రం, ఇత్తడిది. అంటే రాగి నీళ్లలోకి చేరే అవకాశం ఉంది. రొయ్యలు, నత్తలు రాగిని తట్టుకోలేవు.

కూలర్ మోటారైనా సబ్‌మెర్సిబులైనా పైపు కొస ట్యాంకు నీళ్లలో మునిగి ఉండకూడదు. మునిగి ఉంటే, మోటార్ ఆపగానే సైఫన్ పట్టి ట్యాంకు నీళ్లే డ్రమ్ములోకి దిగుతాయి. కొసను అంచుకు క్లిప్పుతో నీటిమట్టానికి పైన బిగించండి. అలాగే డ్రమ్ములో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపి ఊరుకోకండి, ప్లగ్గే పీకేయండి.