డెక్ కింద పొడి వసారా: ట్రెక్స్ రెయిన్‌ఎస్కేప్ ఎవరికి పనికొస్తుంది, ఎవరికి వద్దు

అమెరికాలో అట్లాంటా చుట్టుపక్కల ఆల్ఫరెట్టా, కమ్మింగ్ వైపు గానీ, ఉత్తర వర్జీనియాలో గానీ, నార్త్ కరోలినాలో కేరీ, షార్లెట్ దగ్గర గానీ మనవాళ్లు కొనుక్కునే ఇళ్లలో చాలావాటికి పెరటివైపు నేల పల్లంగా ఉంటుంది. అందుకే నేరుగా పెరట్లోకి తలుపున్న వాకౌట్ బేస్‌మెంట్, దాని నెత్తిన వంటింటి తలుపుకి ఆనుకుని తొమ్మిది పదడుగుల ఎత్తులో డెక్, అంటే పలకలు పరిచిన అరుగు. డాలస్, హ్యూస్టన్ వైపు బేస్‌మెంట్లే అరుదు కాబట్టి అక్కడివాళ్లకు ఈ బాధ తక్కువ. డెక్ పలకల మధ్య పావంగుళం దాకా సందు ఉంటుంది. వాన పడితే నీళ్లన్నీ ఆ సందుల్లోంచి కిందికే. వాన వెలిశాక కూడా గంటసేపు చుక్కలు పడుతూనే ఉంటాయి. ఎండకి నీడనిచ్చే చోటే గానీ కుర్చీ వేసుకుని కూర్చోవడానికి లేదు, ఓ అట్టపెట్టె దాచుకోవడానికి లేదు.

ఆ చోటుని పొడిగా ఉండే వసారాగా మార్చే సామాన్లలో డెక్ పలకల కంపెనీ ట్రెక్స్ వాళ్ల రెయిన్‌ఎస్కేప్ పేరు ఎక్కువగా వినపడుతుంది. తీర్పు ముందే చెప్పేస్తున్నాం. కొత్త డెక్ కడుతున్నా, పాత పలకలు ఊడదీసి కొత్తవి వేయిస్తున్నా, ఇదే పెట్టించుకోండి. పలకలు ఇంకా గట్టిగా ఉన్న డెక్‌కి మాత్రం దీని జోలికి వెళ్లొద్దు. ఎందుకంటే ఇది పలకల కింద కూర్చునే సరుకు. పలకలన్నీ విప్పకుండా పెట్టడం కుదరదు.

డెక్ పలకల్ని మోసే దూలాల్ని జాయిస్టులంటారు. రెండు జాయిస్టుల మధ్య ఖాళీ ఒక బే. రెయిన్‌ఎస్కేప్‌లో ఒక్కో బేలో ఒక ప్లాస్టిక్ షీటు దోనెలా వేలాడుతుంది, దాన్ని ట్రఫ్ అంటారు. గోడవైపు దోనె లోతు తక్కువ, బయటి అంచువైపు ఎక్కువ. లోతెక్కువ ఉన్న కొసన, జాయిస్టుల మధ్య, గరాటు లాంటి గట్టి ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అదే డౌన్‌స్పౌట్. సందులోంచి దిగిన నీళ్లు దోనెలో పడి, గరాటులోకి జారి, కింద బిగించిన మామూలు గట్టర్‌లోకి, అంటే చూరు కాలువలోకి, చేరతాయి.

కింద పొడిగా ఉండడం ఒక్కటే చూసి దీన్ని కొంటారు. అంతకన్నా పెద్ద లాభం జాయిస్టులకి. డెక్ కుళ్లడం మొదలయ్యేది జాయిస్టు నెత్తిమీద, స్క్రూలు దిగిన చోట. పలకకీ జాయిస్టుకీ మధ్య చిక్కిన నీరు ఆరదు, స్క్రూ బెజ్జం వెంట చెక్క లోపలికి దిగుతుంది. ట్రఫ్ అంచు, దాని మీద అంటించే టేపు కలిసి ఆ నెత్తిని కప్పేస్తాయి. పైన వేసే కాంపోజిట్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన) పలకలు పాతికేళ్లు బతుకుతాయని కొంటాం. కింద దూలం ఆ లోపే మెత్తబడితే ఆ పలకలకు పెట్టిన డబ్బు నీళ్లపాలే.

సామాను లెక్క చదరపు అడుగుల్లో వేయకండి, బేల్లో వేయండి. ఇంటి వెంట 20 అడుగుల పొడవు, ముందుకి 12 అడుగులు వచ్చిన డెక్ తీసుకుందాం. జాయిస్టులు 16 అంగుళాల ఎడంతో ఉంటే 15 బేలు, 16 జాయిస్టులు. అంటే 12 అడుగుల ట్రఫ్‌లు 15, డౌన్‌స్పౌట్‌లు 15. టేపు ప్రతి జాయిస్టు నెత్తిమీదా కొసంటా వేయాలి: 16 పన్నెండ్లు 192 అడుగులు. 50 అడుగుల రోల్స్ నాలుగు తెస్తే 200 అడుగులొస్తాయి గానీ గోడవైపు అంచుకీ, స్తంభాల చుట్టూ ముక్కలకీ చాలదు. ఆరు తెచ్చుకోవడం మేలు. 12 అంగుళాల ఎడానికీ 16 అంగుళాల ఎడానికీ ట్రఫ్‌లు వేరు. పలకలు ఐమూలగా వేయించుకునేవాళ్లకి జాయిస్టులు సాధారణంగా 12 అంగుళాల ఎడంతో ఉంటాయి, అప్పుడు పై లెక్కలో 20 బేలవుతాయి. ఖర్చు పెరిగేది అక్కడే.

ఈ 240 చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 150 గ్యాలన్ల నీళ్లు. ఒక్కో బే వాటా పది గ్యాలన్లు. అట్లాంటాలో ఏడాదికి సుమారు 50 అంగుళాల వాన, అంటే ఏడున్నర వేల గ్యాలన్లు ఈ దోనెల్లోంచి పోవాలి. ఏ అతుకైనా చూసీచూడకుండా వదిలేస్తే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతాయి.

బిగించే వరసకి వద్దాం. ముందు అన్ని బేలకీ డౌన్‌స్పౌట్‌లు దిగగొట్టాలి. వాటి అంచు జాయిస్టు నెత్తికి సమంగా ఉండాలి, పొడుచుకొస్తే పైన పలక ఎత్తుపెడుతుంది. తర్వాత ట్రఫ్ పరిచి, కొసను డౌన్‌స్పౌట్ మీదికి తెచ్చి సీలెంట్ పెట్టి, రెండు అంచుల్నీ జాయిస్టు నెత్తిమీద స్టేపుల్ చేయాలి. స్టేపుల్ నెత్తిమీదే పడాలి, పక్కకి జారితే అది బెజ్జమే. షీటుని లాగి బిగదీస్తే వాలు పోతుంది. మరీ వదులుగా వేస్తే మధ్యలో బొజ్జ దిగి అక్కడ నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలం దోమలు పుడతాయి. గోడవైపు నుంచి డౌన్‌స్పౌట్ దాకా లోతు ఎక్కడా వెనక్కి తిరగకుండా, కొంచెం కొంచెంగా పెరుగుతూ పోవాలి. బే ట్రఫ్ కన్నా పొడవైతే రెండు ముక్కలు అతకాలి. అప్పుడు ఎగువ ముక్క పైన, దిగువ ముక్క కింద. ఇది తిరగబడితే ప్రతి వానకీ నీళ్లు ఆ అతుకులోకి దూరతాయి.

ఆఖరున బ్యూటైల్ టేపు. జిగురు మెత్తగా, నల్లగా, బంకలా ఉంటుంది. స్క్రూ దిగితే దాని మరల చుట్టూ పట్టుకుని బెజ్జాన్ని మూసేస్తుంది. దాని బలమంతా అదే. అయితే తడి చెక్కకి అంటదు, చలికి బిగుసుకుపోతుంది. కలప యార్డు నుంచి కొత్తగా వచ్చిన ప్రెషర్ ట్రీటెడ్ (కుళ్లకుండా మందు ఎక్కించిన) కలప లోపల్నుంచి తడిగా ఉంటుంది, చేత్తో తాకితే చల్లగా తెలుస్తుంది. దాన్ని కొన్నాళ్లు ఆరనివ్వాలి. టేపు వేశాక రోలర్‌తో గానీ అరచేత్తో గట్టిగా గానీ మొత్తం పొడవునా అదమాలి. అక్కడక్కడా తట్టి వదిలేస్తే ముడతల్లోంచి నీరు పాకుతుంది.

ఇక అసలు చోటు, లెడ్జర్. ఇంటి గోడకి బోల్టులతో బిగించిన పెద్ద పలక అది, జాయిస్టుల ఒక కొస దాని మీదే ఆధారపడుతుంది. ట్రఫ్‌లన్నీ చక్కగా వేసినా గోడ వెంబడి చినుకులు కారుతున్నాయంటే తప్పు ఎక్కువగా ఇక్కడే. సైడింగ్ (గోడ బయటి పలకలు) మీదనుంచి జారిన నీరు లెడ్జర్ వెనక్కి దూరకుండా ఫ్లాషింగ్ రేకు ఉండాలి. రేకు పై అంచు సైడింగ్ వెనక, ఇంటిని చుట్టిన కాగితం కిందకి పోవాలి. కింది అంచు లెడ్జర్ నెత్తిని దాటి ముందుకి దిగాలి. ట్రఫ్ గోడవైపు కొస ఆ రేకు కిందకి పోవాలి. చూరు పెంకుల్లాగే, పైది కిందదాని మీద పడాలి. చాలామంది పనివాళ్లు సైడింగ్ ఊడదీయడానికి బద్ధకించి, రేకుని సైడింగ్ మీదే ఆనించి కాకింగ్ (సందులు పూడ్చే బంక) పూసి వదిలేస్తారు. కొన్నేళ్లకి ఆ కాకింగ్ చిట్లుతుంది. నీళ్లు కింద వసారాలోకి రావడం చిన్న నష్టం. బేస్‌మెంట్ గోడలోకి పోవడం పెద్ద నష్టం, అది చాన్నాళ్లు బయటికి కనపడదు. రేకు సంగతి ఇంకొకటి: ఈనాటి ట్రీటెడ్ కలపలో రాగి లవణాలుంటాయి. ఉత్త అల్యూమినియం రేకు దానికి నేరుగా తగిలితే ఆ రాగి రేకుని తినేస్తుంది. మధ్యలో టేపైనా ఉండాలి, లేదా రేకే ఆ కలపకి పనికొచ్చే రకమై ఉండాలి. స్క్రూలు, బ్రాకెట్లు హాట్ డిప్ గాల్వనైజ్డ్‌వో (మందపాటి జింకు పూతవి) స్టెయిన్‌లెస్‌వో వాడాలి.

డెక్ డిజైన్ కూడా ముందే దీనికి కలిసి రావాలి. జాయిస్టులు వాటిని మోసే అడ్డ దూలం, అంటే బీమ్ మీదుగా పోతే ట్రఫ్ ఏకధాటిగా వెళ్తుంది. బీమ్‌కి పక్కనుంచి వేలాడదీస్తే ప్రతి బే అక్కడ తెగుతుంది, డౌన్‌స్పౌట్‌లు రెట్టింపు. జాయిస్టుల మధ్య అడ్డంగా కొట్టే బ్లాకింగ్ ముక్కలు దోనెకి అడ్డొస్తాయి. వాటిని కిందికి దించి కొట్టాలి. చుట్టూ వేరే రంగు పలకతో అంచు కట్టించుకునే సరదా ఉంటే ఆ అంచుకి అదనపు బ్లాకింగ్ కావాలి, అక్కడ ట్రఫ్ కోసి మళ్లీ అతకాలి. రెయిలింగ్ స్తంభాల మూలలు మరీ ప్రమాదం. షీటుకి గాటు పెట్టి స్తంభం చుట్టూ తిప్పినప్పుడు ఆ గాటు కొసన సూది మొనంత సందు మిగిలిపోతుంది. అక్కడ టేపు రెండు పొరలుగా, కింది పొర ముందు, పై పొర తర్వాత వేయాలి. పలకలు బిగించేటప్పుడు జాయిస్టు తప్పి పక్కన దిగిన స్క్రూ నేరుగా ట్రఫ్‌ని చీలుస్తుంది. పలకలన్నీ వేశాక కింద నిలబడి టార్చి వేసి చూడండి. మెరిసే ప్రతి స్క్రూ మొనా ఒక కారే చోటు.

ఈ సరుకులో అసలు లోటు శుభ్రం చేయడం. పైనుంచి ట్రఫ్ కనపడదు. పైన్ చెట్ల సూదులు, ఓక్ పూత, మేపుల్ గింజలు సందుల్లోంచి జారి దోనెల్లో మేట వేస్తాయి. మన ఇళ్లలో ఇంకొన్ని చేరతాయి. కరివేపాకు, తులసి, మల్లె కుండీలన్నీ వేసవిలో డెక్ మీదికే వస్తాయి. రోజూ నీళ్లు పోస్తే కుండీ మట్టి సన్నగా దిగి, బురదై డౌన్‌స్పౌట్ నోటికి అడ్డం పడుతుంది. కుండీల కింద పళ్లేలు తప్పనిసరి. వడియాలు, మిరపకాయలు ఎండబెడితే కింద దుప్పటి పరవండి. ముగ్గు పిండిని హోసుతో సందుల్లోకి కొట్టకుండా చీపురుతో ఊడ్చెయ్యండి. ఏడాదికి రెండుసార్లు, పుప్పొడి కాలం అయ్యాకా ఆకులు రాలాకా, గోడవైపు సందుల్లోంచి హోసుతో నెమ్మదిగా నీళ్లు వదిలితే మేట కొట్టుకుపోతుంది. ప్రెషర్ వాషర్ మూతిని సందులో పెట్టొద్దు, టేపు లేచిపోతుంది.

పలకలు బాగున్న పాత డెక్‌కి దారి వేరు. జాయిస్టులకి కిందనుంచి బిగించే పీవీసీ ప్యానెళ్లు దొరుకుతాయి, టింబర్‌టెక్ వాళ్ల డ్రైస్పేస్ ఆ కోవదే. చూడ్డానికి సీలింగ్‌లాగే ఉంటుంది, రెండ్రోజుల్లో పని అయిపోతుంది. కానీ జాయిస్టులు మునుపటిలాగే తడుస్తాయి, పైగా గాలాడక ఆరడం ఆలస్యమవుతుంది. అందుకని ప్యానెళ్లు విప్పి మళ్లీ పెట్టగలిగేవే తీసుకోండి. ఏడాదికోసారి రెండు విప్పి లెడ్జర్‌నీ, జాయిస్టుల్ని దానికి పట్టి ఉంచే లోహపు హ్యాంగర్లనీ చూసుకోవాలి. కందిరీగలకీ ఆ ఖాళీ మహా ఇష్టం. పాత డెక్‌లలో జాయిస్టుల ఎడం అక్కడక్కడా అరంగుళం తేడా వస్తుంది. కొనేముందు ప్రతి బే రెండు కొసలా కొలవండి. తక్కువ ఖర్చులో కావాలంటే ముడతల రేకు. అడుగుకి ఎనిమిదోవంతు అంగుళం చొప్పున 12 అడుగులకి అంగుళంన్నర వాలు వచ్చేలా కట్టెలు కోసి, వాటి కింద రేకు బిగించొచ్చు. స్క్రూ రేకు గట్టు మీద పడాలి, గాడిలో కాదు. వాన చప్పుడు గట్టిగానే ఉంటుంది.

పైన ఏది పెట్టినా గట్టర్ నీళ్లు ఎక్కడికి పోతాయో ముందే తేల్చుకోండి. 5 అంగుళాల గట్టర్‌కి పదడుగులకి పావంగుళం వాలు, దాని గొట్టం నుంచి నేలలో 4 అంగుళాల పైపు, ఆ పైపు ఇంటికి దూరంగా పల్లంలోకి. గట్టర్ నీళ్లు మళ్లీ వసారా అంచునే పడితే పైన చేసిందంతా వృథా. కింద పేవర్లు (పరిచే రాళ్లు) గానీ కాంక్రీటు గానీ ఇంటినుంచి బయటికి అడుగుకి పావంగుళం వాలుతో ఉండాలి. ఈదురుగాలి వానకి బయటి రెండు మూడడుగులు తడుస్తాయి, దానికి ఏ ట్రఫ్ చేసేదీ లేదు. సోఫా గోడవైపు వేసుకోండి.

రెయిన్‌ఎస్కేప్ పెట్టిన డెక్ కింద జాయిస్టుల మధ్య పొడిగా ఉంటుంది కాబట్టి లైట్లకీ ఫ్యానుకీ వైర్లు లాగి, కింద సీలింగ్ కొట్టించుకోవచ్చు. ఫ్యాను కనీసం డ్యాంప్ రేటెడ్ (తేమకి తట్టుకునే రకం) ఉండాలి, సాకెట్లు జీఎఫ్‌సీఐ రక్షణతో (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) ఉండాలి, కౌంటీ పర్మిట్ తీసుకోవాలి. చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కూడా అడుగుతారు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంట్లో వాసన పట్టకుండా బజ్జీలు, చేపలు వేయించుకునే గ్యాస్ స్టవ్‌నీ గ్రిల్‌నీ ఈ కప్పు కింద పెట్టకండి. నెత్తిన ఉన్నది ప్లాస్టిక్, దాని పైన చెక్క, ఆ పైన మీ ఇల్లు. పొయ్యి బయట, ఆకాశం కింద, ఇంటికి దూరంగా ఉండాలి.

కాంట్రాక్టర్‌తో ఒప్పందంలో నీళ్ల పరీక్ష రాయించుకోండి. పలకలు వేశాక, గట్టర్, సీలింగ్ పెట్టకముందు, పైన గోడవైపు నుంచి ఒక్కో బేలో పది నిమిషాలు హోసుతో నీళ్లు వదలాలి. ఒకరు కింద నిలబడి లెడ్జర్, స్తంభాలు, డౌన్‌స్పౌట్ అంచులు చూస్తూ చుక్క పడిన చోటల్లా చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తులన్నీ సరిచేసి, మళ్లీ నీళ్లు వదిలి చూశాకే చివరి చెక్కు ఇవ్వండి.