బొంతలకి పాత నల్ల మిషనే: చిన్న ఫ్లాటులో నా కుట్టు మూల

బొంతలు కుట్టడానికి ఏ మిషన్ కొనమంటారని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. ఇనుప తల, చెక్క బల్ల, కాలితో తొక్కే స్టాండు ఉన్న పాత నల్ల మిషన్ ఎక్కడైనా దొరుకుతుందేమో ముందు చూడండి. నేను సెకండ్‌హ్యాండ్‌లో, మోటారుతో సహా ఆరున్నర వేలకి తెచ్చుకున్నాను. జిగ్‌జాగ్ రాదు, పువ్వులు, ఆకులు రావు. తిన్నటి కుట్టు ఒక్కటే వేస్తుంది. మూడు పొరలు కలిపి కుట్టడానికి అంతకంటే ఏం కావాలి?

మాది మల్కాజిగిరిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. కుట్టుకోడానికి వేరే గది అడిగితే మావారు బాల్కనీ చూపిస్తారు. చివరికి చిన్న బెడ్‌రూములో బీరువాకి, ఎడమవైపు గోడకి మధ్య ఉన్న ఆరడుగుల చోటు నాకు దక్కింది. మొత్తం సెటప్ అందులోనే.

ఈ మిషన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది, తల బల్లలోకి దిగి కూర్చోవడం. సూది కింద ఉండే ఇనుప పలకా, చుట్టూ ఉన్న చెక్కా ఒకే ఎత్తులో ఉంటాయి. మామూలు టేబుల్ మీద పెట్టుకునే పోర్టబుల్ మిషన్‌కి ఈ సుఖం ఉండదు. అది టేబుల్ కంటే మూడు నాలుగు అంగుళాలు పైకి ఉంటుంది. బొంత అక్కడి నుంచి కిందికి వేలాడి సూదిని లాగుతూ ఉంటుంది, కుట్లు ఒకచోట పొట్టిగా, ఒకచోట పొడుగ్గా పడతాయి. పైగా తేలిక మిషన్ బరువైన బొంతతో పాటు తనూ కదులుతుంది. నాది పదికిలోలకి పైన ఉండే ఇనుము. ఎంత లాగినా ఉలకదు, పలకదు.

అయితే స్టాండు బల్ల వెడల్పు అడుగున్నరే. దాన్ని వెనక గోడకి ఆనిస్తే బొంత అక్కడ పోగుపడి ముందుకి జరగనంటుంది. అందుకని స్టాండుని గోడకి కాస్త ఎడంగా జరిపి, వెనక అడుగు వెడల్పు ప్లైవుడ్ పలక కబ్జాలతో బిగించమన్నాను. పని లేనప్పుడు కిందికి మడిచేస్తాను. ఎడమవైపుకి కార్పెంటర్ అవసరమే రాలేదు. ఇస్త్రీ బల్ల ఎత్తు సరిచేసి పక్కన పెడితే చాలు, బొంత బరువంతా దాని మీదే ఉంటుంది. ముక్కలు అతికేటప్పుడు లేచి వెళ్ళకుండా అక్కడే ఇస్త్రీ కూడా చేసుకోవచ్చు. మాది మూడో అంతస్తు. మోటారు వేస్తే ఇనుప కాళ్ళ అదురు కింది ఫ్లాటు దాకా వెళ్తుందని నాలుగు కాళ్ళ కిందా రబ్బరు మ్యాట్ ముక్కలు పెట్టాను. ఎడమచేతి వైపు నుంచి పడేలా మెడ వంగే ఎల్ఈడీ లైటు ఒకటి.

ఇక ఇబ్బంది సంగతి. సూదికీ, మిషన్ కుడివైపు ఉండే నిలువు స్తంభానికీ మధ్య ఉండే చోటు మహా అయితే ఏడు అంగుళాలు. బొంతలో సగం చుట్టచుట్టి ఆ సందులోంచి పోనివ్వాలి. ఉయ్యాల బొంత, అంటే 36 బై 45 అంగుళాలది, హాయిగా అవుతుంది. సింగిల్ మంచానికి 60 బై 90 కూడా అవుతుంది గానీ భుజాలు గుర్తుచేస్తాయి. డబుల్ కాట్ బొంత దీని మీద కుట్టమని నేను ఎవరికీ చెప్పను.

మధ్యలో ఏం పెడుతున్నామన్నది కూడా ముఖ్యమే. బజారులో దొరికే ఉబ్బు పాలిస్టర్ షీటు చుడితే ఆ సందు సగం నిండిపోతుంది. మన అమ్మమ్మలు వేసినట్టు పాత నూలు చీర రెండు మడతలు వేస్తే పలచగా, కదలకుండా ఉంటుంది. సిల్కు, సింథటిక్ చీరలు మాత్రం వద్దు, లోపల జారిపోతాయి. మూడు పొరలూ నేల మీద పరిచి, పిడికిలంత దూరానికో పిన్నీసు పెట్టి, మధ్యలోంచి బయటికి కుట్టుకుంటూ వస్తే ముడతలు రావు. పైకి నారాయణపేట గళ్ళ చీర వాడితే సుద్దతో గీతలు గీసే పని కూడా తప్పుతుంది. ఆ గళ్ళ వెంట కుట్టుకుంటూ పోవడమే. రంగు దిగుతుందేమో ముందే ఉతికి చూసుకోండి.

ఫుట్ అంటే సూది దగ్గర గుడ్డని పైనుంచి నొక్కిపట్టే పాదం. తిన్నటి గీతలకి వాకింగ్ ఫుట్ కొనక తప్పదు. కింద ఉన్న పళ్ళు అడుగు పొరని నెడుతుంటే, ఈ ఫుట్‌కి ఉన్న పళ్ళు పై పొరని అదే వేగంతో నడిపిస్తాయి. కొనేముందు మీ మిషన్ పాత ఫుట్ విప్పి కొలత సరిపోతుందో చూసుకోండి. మెలికల డిజైన్ వేయాలంటే గుడ్డని ఎటైనా తిప్పనిచ్చే డార్నింగ్ ఫుట్ పెట్టి, పళ్ళు దించే నాబ్ ఉంటే దించాలి. లేకపోతే కుట్టు పొడవు సున్నాకి తెచ్చినా పని జరుగుతుంది. బొంతని మనమే చేతులతో తిప్పుతాం కాబట్టి రబ్బరు చుక్కలున్న గ్లవుజులు వేసుకుంటే పట్టు బాగుంటుంది. సూది 14 నంబరు, మందంగా ఉంటే 16. బొంతకో కొత్త సూది వేయండి, రూపాయల దగ్గర పిసినారితనం వద్దు.

మోటారు గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పొడుగు గీతలకి తప్ప నేను వాడను. చౌక మోటార్లకి నెమ్మదిగా పోవడం తెలియదు, పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు పరుగు. మలుపు దగ్గర ఒక్కో కుట్టూ చూసి వేయాలంటే తొక్కుడే నయం. కరెంటు పోయినా పని ఆగదు.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు పాత జీన్స్ గుడ్డ నాలుగు మడతలు వేసి పట్టుకెళ్ళండి. చక్రం చేత్తో తిప్పుతూ దాని మీద కుట్టించండి. ఎక్కడైనా పట్టేసినా, అడుగున దారం ఉచ్చులు పడినా షటిల్ (అడుగున కింది దారం చుట్టూ పై దారాన్ని తిప్పే భాగం) అరిగిందేమో అడగండి, మార్చి ఇస్తేనే తీసుకోండి. పైన రంగు, బంగారు బొమ్మలు పోయినా పట్టించుకోకండి, దాని పేరు చెప్పి ఓ ఐదొందలు తగ్గించమనొచ్చు.