బ్రాడీపేట పచ్చళ్లు, స్వీడన్‌లో ఐదు నెలలు: ఐదుకి మూడున్నర

మాది గుంటూరు. ఇంజనీరింగ్ మూడో ఏడులో, 2024 ఆగస్టులో ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ మీద స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీకి వెళ్లి, సంక్రాంతి దాటాక తిరిగొచ్చాను. వెళ్లే ముందు బ్రాడీపేటలో మేం ఎప్పుడూ కొనే పచ్చళ్ల కొట్టులోనే ఫారిన్ ప్యాకింగ్ చేయించాం. కొన్న రోజే ఐదు స్టార్లు ఇచ్చేసేవాళ్లను నేను నమ్మను. అందుకే అంతా తిని, ఖాళీ కవర్లు పారేశాక రాస్తున్నాను.

అమ్మ రాసిన లిస్టు పెద్దది. కిలో ఆవకాయ, అరకిలో మాగాయ, అరకిలో గోంగూర, కంది పొడి, కరివేపాకు కారం, చికెన్ పచ్చడి, రెండు కిలోల నెయ్యి. ఓనరు గారు పెన్ను తీసి చివరి రెండూ కొట్టేశారు. "అమెరికా లెక్క వేరమ్మా, యూరప్ లెక్క వేరు. మాంసం, పాల సరుకు బయటి దేశాల నుంచి తెచ్చుకోనివ్వరు" అన్నారు. "నెయ్యి లేకుండా కంది పొడి పిల్ల గొంతు ఎలా దిగుతుంది అన్నయ్యగారూ?" అని అమ్మ పావుగంట వాదించింది. ఆయన కదల్లేదు. పచ్చి కరివేపాకు కూడా మొక్కల సర్టిఫికెట్ లేనిదే రానివ్వరని ఎండబెట్టిన ఆకు ఇచ్చారు. ఇంటికొచ్చి యూరోపియన్ యూనియన్ రూల్స్ చదివాను, ఆయన చెప్పిందే నిజం. వెయ్యి రూపాయలకు పైగా వచ్చే బేరాన్ని తనే వద్దనుకున్నాడాయన. నేనిచ్చిన స్టార్లలో రెండు దీనికే.

(నెయ్యి సంగతి: లుండ్‌లో ఉప్పు వేయని వెన్న ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతుంది. హాస్టల్ వంటింట్లో కాచుకున్నాను. కమ్మటి వాసనకు పక్క గది ఇటలీ అమ్మాయి కేకు చేస్తున్నాననుకుని వచ్చింది.)

ఇక ప్యాకింగ్. ఆవకాయ, మాగాయ మందపాటి కవర్లో వేసి, గాలి తీసి, అంచు రెండుసార్లు సీల్ చేశారు. బంగారంలా చేరాయి. గోంగూర మాత్రం కొంప ముంచింది. గన్నవరం నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి దోహా, ఆపైన కోపెన్‌హాగెన్. అక్కడ రైలెక్కితే సముద్రం మీది వంతెన దాటి గంటలోపే లుండ్. గదిలో సూట్‌కేసు తెరిచేసరికి కొత్త థర్మల్ బనియన్లన్నీ గోంగూర నూనెలో మునిగి ఉన్నాయి. సీల్ దగ్గర ముడత పడ్డచోట కారింది. ఆగస్టు కాబట్టి సరిపోయింది. జనవరిలో వెళ్లేవాళ్లకైతే మొదటి రాత్రే ఏడుపు. అమ్మ కొట్టుకి ఫోన్ చేస్తే, "గోంగూరకి డబుల్ కవర్ అడగాలమ్మా" అన్నారట. అడగాలని మాకెలా తెలుస్తుంది? నెల తర్వాత అమ్మ మళ్లీ వెళ్తే, సారీ అనే మాట లేకుండా అరకిలో పండుమిర్చి పచ్చడి సంచిలో పడేసి డబ్బులు వద్దన్నారు. అది నాకెలాగూ అందలేదు, నాన్న తినేశారు.

రుచికి వంక పెట్టలేను. అక్కడ నాకు పచ్చళ్లకన్నా పొడులే ఎక్కువ అక్కరకొచ్చాయి. ఎక్స్ఛేంజ్ కాబట్టి లుండ్‌లో ఫీజు కట్టక్కర్లేదు గానీ తిండి ఖర్చు మనదే. బయట మధ్యాహ్నం భోజనం నేను తిన్నచోట 120 క్రోనాలు, అంటే అప్పటి లెక్కలో సుమారు 950 రూపాయలు. స్వీడన్ పిల్లలు కూడా ఇంటి నుంచే డబ్బా తెచ్చుకుంటారు. డిపార్ట్‌మెంట్‌లో వరసగా మైక్రోవేవ్‌లు, వాటి ముందు క్యూ. పైగా టైమ్‌టేబుల్‌లో పది అని ఉంటే క్లాసు మొదలయ్యేది పదీ పావుకి, అది అక్కడి యూనివర్సిటీల పాత ఆచారం. ఆ పావుగంట ధీమాతో రోజూ కంది పొడి అన్నం కలుపుకుని సైకిలెక్కేదాన్ని. రాత్రికి పెరుగన్నం. అక్కడ ఫిల్‌మ్యోల్క్ అని పాల ప్యాకెట్ లాంటి డబ్బాలో పులిసిన పాలు అమ్ముతారు, మన చిక్కటి మజ్జిగకు తోబుట్టువు. డిసెంబర్‌లో మూడున్నరకే పొద్దుగుంకి, ఆరింటికే అర్ధరాత్రిలా ఉంటే ఆ అన్నంలో మాగాయ టెంక ఒకటి చీక్కుంటూ కూర్చునేదాన్ని.

అసలు ఫిర్యాదు లేబుల్ మీద. ప్యాకెట్ మీద స్కెచ్ పెన్నుతో "ఆవ" అని మాత్రమే రాశారు. ఒకరోజు వంటింట్లో అందరం కలిసి తింటుంటే ఒక జర్మనీ అమ్మాయి ఆవకాయ రుచి చూస్తానంది, కానీ తనకు వేరుశనగ పడదట. ఏ నూనె వాడారో చెప్పమంది. నాకు తెలియదు. యూరప్‌లో అమ్మే తిండి మీద 14 రకాల ఎలర్జీ పదార్థాల్లో ఏవి ఉన్నా రాసి తీరాలి. ఆవాలు, నువ్వులు, వేరుశనగ మూడూ ఆ 14లో ఉన్నాయి. మన ఆవకాయ అంటేనే ఆవపిండి! కొట్టుకి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం పన్నెండు, ఇక్కడ మూడున్నర, ఓనరు గారు కునుకులో ఉన్నారు. "పప్పునూనెమ్మా, ఇంకేం వాడతాం?" అన్నారు. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసరికి ఆ పిల్ల "ఏ పప్పు?" అని స్పూన్ కింద పెట్టేసింది. నువ్వుల నూనె అని, మిషన్‌లో వేరుశనగ ఆడించలేదని ఆయనతోనే మళ్లీ చెప్పించాకే ముట్టుకుంది. ఆ తర్వాత వారానికోసారి వచ్చి అడిగేది, అది వేరే కథ.

మొన్న మా జూనియర్‌కి తోడు వెళ్లాను, వాడికి ఈసారి డెన్మార్క్‌లో సీటు. గోంగూర డబుల్ కవర్లో వేయించాం. ప్రతి ప్యాకెట్ మీద నూనె పేరు, దినుసులు ఇంగ్లీషులో నేనే రాశాను. ఓనరు గారు చూసి, "ఆ కాగితం ఇలా ఇచ్చి పో అమ్మాయ్, జెరాక్స్ తీయిస్తా" అన్నారు.